పద్మ పొద్దుటి కునుకు మానిన ఏడు

తల్లి చచ్చిన గొర్రెపిల్ల దక్కాలంటే శ్రీశైలమ్మ ఒళ్లో పెట్టాల్సిందే అనేవాళ్లు చింతగుంటపల్లెలో. పెద్దారవీడుకు పడమరగా, నల్లమల కొండలు మొదలయ్యేకాడ ఉండే ఊరది. గొర్రెలున్న ఇళ్లు ఇరవై దాకా ఉండేవి. ఏ ఇంట్లో పిల్ల పాలు పట్టకపోయినా, మేత ముట్టకపోయినా గంపలో పెట్టుకొని ఆమె గడపకాడికి తెచ్చేవాళ్లు. ఆమె మందూ మాకూ ఏమీ వేసేది కాదు. పిల్లను ఒళ్లో పెట్టుకొని, మేకపాలలో ముంచిన గుడ్డ కొస దాని నోటి దగ్గర పెట్టి కూర్చునేది. అది చీకేదాకా లేచేది కాదు. అంతే ఆమె విద్య.

అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. పొడుగు మనిషి. గొంతు విప్పితే వాగు అవతలి మంద ఇవతలికి రావాల్సిందే. మొగుడు యల్లయ్య, పెండ్లిండ్లయిన ఇద్దరు కొడుకులు, చలి తగ్గంగానే మందను తోలుకొని నల్లమలలోకి పోతే మళ్లీ తొలకరికే రావడం. కోడళ్లు కూడా వంటకని వెంట పోయేవాళ్లు. ఆ నాలుగైదు నెలలూ నడవలేని గొర్రెపిల్లలు నాలుగు, శ్రీశైలమ్మ ఒకతి ఇంట్లో మిగిలేవాళ్లు. పలకరించే దిక్కులేక ఆమె గొర్రెపిల్లలతోనే ఊరి సంగతులన్నీ మాట్లాడేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేళ్లయింది. మార్కాపురం తాలూకా అప్పుడింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. బ్లాకు ఆఫీసోళ్లు ఊరూరా ఏదో ఒకటి తెరుస్తున్న కాలం. ఆ ఊపులో చింతగుంటపల్లెకు ఒక బాలవాడి వచ్చింది. దాంతోపాటు దయామణి అనే గ్రామసేవిక కూడా ఒక ఇనప పెట్టె, రెండు డబ్బాల పాలపొడి, ఇరవై పలకలు బండి మీద వేసుకొని దిగింది. ఒంగోలు దగ్గర పిల్ల. ఇరవై మూడేళ్లు. ట్రైనింగు అయి ఏడాది కూడా కాలేదు. కరణం ఖాళీగా ఉంచిన పెంకుల కొట్టం ఊడ్పించి, గోడకు సున్నం కొట్టించి, తనకు తోడుగా ఒక ఆయా కావాలని ఊళ్లో అడిగింది. అడిగిన నలుగురూ ఒకటే పేరు చెప్పినారు.

"నేను గొర్రెల మనిషినమ్మా. మనుషుల పిల్లల్ని నా చేతికెవరిస్తారు?" అనింది శ్రీశైలమ్మ.

"ఇచ్చేవాళ్లే నీ పేరు చెప్పారు," అంది దయామణి.

అట్ల మొదలైంది. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పదముగ్గురు చేరినారు. పొద్దున పాటలు, పలక మీద గీతలు, మధ్యాన్నం ఇంత తిండి, తర్వాత నిద్ర. వారం తిరిగేసరికి రైతుల ఇంటి కోడలు కృష్ణవేణమ్మ చంకన పిల్లనేసుకొని గుమ్మంలో నిలబడింది. పిల్ల పేరు పద్మ. పది నెలలు. రెండు చేతుల్తో తల్లి రైక పట్టుకొని, ఈ లోకంతో నాకేం పని అన్నట్టు మొహం తిప్పుకొని ఉంది.

"మూడేళ్లు నిండిన పిల్లల్నే చేర్చుకోవాలమ్మా. రూలు అట్లా ఉంది," అంది దయామణి.

"మూడేళ్లు నిండేదాకా మా ఆముదం చేను ఆగుతుందా టీచరమ్మా? గెలలు ఎండి పగిలిపోతున్నాయి. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. ఈ పిల్లేమో పాకడం నేర్చింది. పట్టుకునేవాళ్లు లేరు."

దయామణి రిజిస్టరు వంక చూసింది. ఆమె తల ఎత్తేలోపల పద్మ శ్రీశైలమ్మ ఒళ్లో ఉంది.

"రాసుకోవద్దులేమ్మా," అనింది శ్రీశైలమ్మ. "ఒళ్లోనే కదా ఉండేది."

ఒళ్లో ఉండటం వరకు బాగానే ఉండింది. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. పద్మకు తల్లి రొమ్ము తప్ప ఇంకో రుచి తెలీదు. పాలపొడి కలిపి ఉగ్గుగిన్నెతో పడితే ఉమ్మేసింది. రాగిజావ పడితే గిన్నెను చేత్తో కొట్టింది. మేకపాలు పోస్తే పెదాలు బిగించి, ముక్కుతో బుసలు కొట్టింది. పొద్దెక్కేకొద్దీ ఏడుపు ఎక్కేది. చేన్లో ఉన్న కృష్ణవేణమ్మకు కబురు పోయేది. ఆమె కొడవలి గట్టున పడేసి పరుగెత్తుకొచ్చేది. రోజుకు రెండు మూడు సార్లు ఇదే వరస.

నాలుగో రోజు మాపున కృష్ణవేణమ్మ అత్త సరస్వతమ్మ మోకాళ్లు పట్టుకుంటా వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఎందుకొచ్చిన తిప్పలు శ్రీశైలా. యాపాకు నూరి రొమ్ముకు పూస్తే రెండు నాళ్లలో మానుకుంటది. నా నలుగురు పిల్లలకూ అట్లనే మాన్పించినా."

శ్రీశైలమ్మ కొడుకులకూ ఆమె అత్త అట్లనే మాన్పించింది. పెద్దోడు ఆ పూట తల్లి మొహం చూసిన చూపు ఆమెకు ఇరవై ఏళ్లయినా మరుపుకు రాలేదు.

"వదినా, నాకొక పది నాళ్లియ్యి," అనింది. "పిల్లకు ఆకలి తెలుసు. అన్నమంటే ఏందో తెలీదు. అది తెలిసేదాకా ఓపిక పడదాం. అప్పటికీ కాకుంటే నీ యాపాకు నేనే నూరిస్తా."

మర్నాటి నుంచి ఆమె పద్మకు ఏదీ పెట్టడం మానేసింది. దయామణికి కంగారు పుట్టింది కానీ, శ్రీశైలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆగమనింది. తల్లి పొద్దున్నే చేనికి పోయేముందు ఒకసారి, అంబలి తాగే వేళకు ఒకసారి, మధ్యాన్నం ఒకసారి వచ్చి పాలిచ్చి పోయేట్టు ఏర్పాటు చేసుకున్నారు. ఈ మధ్యలో శ్రీశైలమ్మ చేసిందల్లా ఒకటే. పద్మ ఎదురుగా చాప మీద కూర్చొని తన కొర్రన్నం తాను తినేది. మెత్తగా వండిన కొర్రన్నంలో పెసరపప్పు కట్టు, కాస్త నెయ్యి. ముద్ద నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకొని, ఎంత బాగుందో తనకు తానే చెప్పుకున్నట్టు తల ఊపేది. పద్మ వంక చూసేది కూడా కాదు.

మొదటి రోజు పద్మ చూసింది. రెండో రోజు పాక్కుంటా పళ్లెం అంచుదాకా వచ్చింది. మూడో రోజు పళ్లెంలో చెయ్యి పెట్టింది. వేళ్లకంటిన మెతుకుల్ని తిప్పి తిప్పి చూసి, చెవికి పూసుకుంది. ఐదో రోజు చెయ్యి నోటికి పోయింది. మొహమంతా ముడుచుకుంది, ఒళ్లు జలదరించుకుంది. మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది.

"టీచరమ్మా, ఇటు రా. మెల్లంగా రా," అని పిలిచింది శ్రీశైలమ్మ.

దయామణి వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, పది నెలల పిల్ల నాలుగు మెతుకులు మింగడం చూసినారు. దయామణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎందుకో కళ్లు తడిసినాయి. ట్రైనింగు పుస్తకంలో పిల్లల తిండి గురించి పదహారు పేజీలుండేవి. ఇట్ల చూస్తా నిలబడమని ఒక్క ముక్క కూడా లేదు.

నెల తిరిగేసరికి పద్మ పప్పన్నం తినింది, అరటిపండు తినింది, సజ్జరొట్టె ముక్క పాలలో నానేస్తే చప్పరించింది. అంబలి వేళ పాలు అడగటం మానేసింది. ఇంకో రెండు నెలలకు, మిరపకాయల కోతలప్పుడు, ఒక మధ్యాన్నం కృష్ణవేణమ్మ ఎప్పటిలానే చేను నుంచి పరుగున వచ్చింది. పద్మ అప్పటికే కడుపునిండా తిని, బుగ్గన ఒక మెతుకు అంటుకొని ఉండంగానే చీర ఉయ్యాలలో నిద్రపోతా ఉంది.

"లేపొద్దులే. తినింది," అనింది శ్రీశైలమ్మ.

కృష్ణవేణమ్మ ఉయ్యాల పక్కన నిలబడిపోయింది. రైక తడిసి ఉంది. దూరం పరుగెత్తిన ఆయాసం ఇంకా తీరలేదు. బిడ్డ వంక చూసింది, శ్రీశైలమ్మ వంక చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్తా, ఇది నాకు మంచిదే కదా. చేను పని ఆగదు. మరి ఏడుపెందుకొస్తా ఉంది నాకు?"

శ్రీశైలమ్మ ఆమె చెయ్యి పట్టుకొని అరుగు మీద కూర్చోబెట్టింది. చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"పిల్ల గడ్డికి మరిగిన మొదటి నాడు తల్లి గొర్రె కూడా దొడ్డంతా తిరిగి అరుస్తది ఏణమ్మా. పిల్లేమో తల ఎత్తి కూడా చూడదు. మాపుకు మళ్లీ దాని కాడికే పోయి పడుకుంటది. నీ బిడ్డ మాపున నీకేలే. పొద్దున నీకే. ఈ మధ్యాన్నం ఒక్కటి నాకిచ్చినావనుకో."

కృష్ణవేణమ్మ మజ్జిగ తాగింది. ఉయ్యాలలోకి వంగి, బిడ్డ బుగ్గ మీది మెతుకు వేలితో తీసి తన నోట్లో వేసుకొని చేనికి పోయింది.

తిండి గట్టెక్కింది అనుకునేలోపల నిద్ర అడ్డం తిరిగింది.

పద్మకు రోజుకు రెండు నిద్రలు. పొద్దున అంబలి వేళకు ఒక కునుకు, మధ్యాన్నం తిన్నాక ఒక పెద్ద నిద్ర. ఆ పొద్దుటి కునుకులోనే పెద్ద పిల్లలు పాటలు పాడుకునేది, దయామణి పలకలు దిద్దించేది, శ్రీశైలమ్మ పొయ్యి రాజేసేది. బాలవాడి మొత్తం ఆ కునుకు మీదే నడిచేది. పిల్లకు పదమూడు నెలలు నిండి నడక వచ్చింది. నడక వచ్చిన పిల్ల నిద్రపోవడమేంది? ఉయ్యాలలో వేస్తే లేచి నిలబడేది. చీర రెండు వైపులా పట్టుకొని, ముందర పాట పాడే పిల్లలకన్నా గట్టిగా కేకలు పెట్టేది. ఊపితే ఇంకా సంతోషం. దింపితే పలకల మీదుగా నడిచిపోయేది.

పోనీలే అని పొద్దున పడుకోబెట్టడం మానేస్తే ఇంకో తంటా. అన్నం వేళకు పళ్లెం ముందు కూర్చొని, ముద్ద నోట్లో ఉండంగానే కళ్లు మూతలు పడి, మొహం పప్పులోకి వాలేది. ఆకలి తీరక అరగంటకే లేచేది. ఇంక మధ్యాన్నమంతా నిద్ర రాదు. మిగతా పదముగ్గుర్నీ నిద్రపోనివ్వదు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో దొర్లి దొర్లి ఏడ్చేది. "నా మనవరాలికి దిష్టి తగిలింది," అని సరస్వతమ్మ ఉప్పు మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. వేసిన పూట బాగుండేది, మర్నాడు మళ్లీ మామూలే.

దయామణి ఒక పలక తీసుకొని వేళల పట్టిక గీసింది. శ్రీశైలమ్మకు చదువు రాదు కాబట్టి బొమ్మలేసింది. గిన్నె బొమ్మ అంటే తిండి, మూసిన కన్ను అంటే నిద్ర. పొద్దున ఒక కన్ను, మధ్యాన్నం ఒక కన్ను.

"ఈ ఈడు పిల్లలకు రెండు నిద్రలు కావాలి శ్రీశైలమ్మా. ఎలాగైనా పడుకోబెట్టాలి."

"ఎట్ల పడుకోబెట్టేది? కాళ్లు కట్టేసా?"

"పుస్తకంలో అలాగే ఉంది మరి."

"పుస్తకానికి కాళ్లు రాలేదు. దీనికొచ్చినాయి," అనింది శ్రీశైలమ్మ.

ఆ రోజు ఇద్దరూ కాస్త ముభావంగానే ఉన్నారు. సాయంత్రం పిల్లలందరూ పోయినాక శ్రీశైలమ్మ ఆ పలక తీసుకొని అరుగు మీద చాలాసేపు కూర్చుంది. పొద్దున ఉన్న కన్ను బొమ్మను చూపుడువేలితో చెరిపేసింది. గిన్నె బొమ్మను పైకి జరిపి గీసింది. గిన్నె వంకరగా వచ్చి చెప్పులాగా కనబడింది.

"నిద్రను దాటించేకన్నా తిండిని ముందుకు జరిపితే?" అని దయామణిని అడిగింది. "ఆకలి తీరినాక తూగితే తూగనీ. తిండి మాత్రం పోదు."

దయామణి చెప్పులాంటి గిన్నెను చూసి ఆలోచించింది. బాగానే ఉందనిపించింది.

అప్పటి నుంచి పద్మకు అందరికన్నా ముందు, పొద్దు నడినెత్తికి రాకముందే అన్నం. దానికి ముందు, కళ్లు నలుపుకునే వేళ చూసి శ్రీశైలమ్మ చెయ్యి పట్టుకొని తన ఇంటి దొడ్డికి నడిపించేది. అక్కడ ఆ ఏడు మిగిలిన గొర్రెపిల్లలు మూడు. పద్మ వాటి చెవులు పట్టుకునేది, వాటి మేతలో చెయ్యి పెట్టేది, ఒకసారి తుమ్మకాయ నోట్లో పెట్టుకోబోతే శ్రీశైలమ్మ ఒడుపుగా లాగేసింది. నీళ్లతొట్లో చేతులాడిస్తే కళ్లు తేటపడేవి. అట్ల ఈ రోజు కాసేపు, రేపు ఇంకాసేపు నిద్రను వెనక్కి నెట్టుకొచ్చినారు. అన్ని రోజులూ కుదిరేది కాదు. పళ్లు వచ్చి జ్వరం తగిలిన మూడు రోజులు పొద్దున్నే ఉయ్యాలెక్కి పడుకుంది. పడుకోనిచ్చినారు. ఒకనాడు రెండు నిద్రలు, రెండు నాళ్లు ఒకటే, మళ్లీ ఒకనాడు రెండు. మూడు వారాలు ఇట్లనే గడిచినాయి. దయామణి ఆ పలకను రోజుకోసారి చెరిపి గీసి, చివరికి గీయడమే మానేసింది.

ఎండలు బాగా ముదిరినాక ఒక మధ్యాన్నం, తిని చేతులు కడుక్కున్న పిల్లలందరూ చాపల మీద ఒరిగినారు. పద్మ కూడా ఉయ్యాల వద్దని, పెద్ద పిల్లల మధ్య చాప మీద బోర్లా పడుకొని, పిర్రలు పైకెత్తి, బొటనవేలు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి కొట్టంలో గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పద్నాలుగు మందీ ఒకేసారి నిద్రలో ఉన్నారు. బాలవాడి తెరిచినాక అట్ల కావడం అదే మొదలు. దయామణి, శ్రీశైలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంక తామేం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు.

అప్పుడు వినపడింది జీపు చప్పుడు.

దయామణి మొహం పాలిపోయింది. "బ్లాకు ఆఫీసరు గారు. ప్రభాకరరావు గారు. పిల్లల చేత పాటలు పాడించి వింటారు," అంది గుసగుసగా.

శ్రీశైలమ్మ అప్పటికే ఎండలో చెప్పుల్లేకుండా పరుగెత్తుతా ఉంది. వీధి మలుపు కాడ జీపుకు అడ్డంగా నిలబడి, మందను ఆపేటప్పుడు ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తింది. జీపు ఆగింది. వెనక సీట్లో ప్రభాకరరావు, నడివయసు మనిషి, చెమటకు తడిసిన చొక్కాతో ముందుకు వంగినాడు.

"ఏమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదు సారూ. పిల్లలు పండుకున్నారు. బండి ఈడనే ఆపి నడిచి రాండి. చెప్పులు బయటే ఇడవండి."

ఊరంతా వినబడే ఆమె గొంతు ఆ పూట సన్నగా గాలిలాగా వచ్చింది. ప్రభాకరరావు ఒక నిమిషం ఆమె వంక చూసి, ఏమనుకున్నాడో, దిగి నడిచి వచ్చినాడు. చెప్పులు విడిచి, గుమ్మంలో నుంచి లోపలికి తొంగి చూసినాడు. చాప మీద వరసగా, అడ్డదిడ్డంగా, ఒకరి కడుపు మీద ఒకరి కాలు.

"పాటలు వినాలి కదమ్మా నేను," అన్నాడు మెల్లగా.

"లేచినాక పాడతారు. అందాక కూసోండి."

అరుగు మీద నులకమంచం వేసింది. చెంబుతో చల్లటి మజ్జిగ, చిన్న పళ్లెంలో మిగిలిన కొర్రన్నం, పప్పు పెట్టింది. ఆయన పొద్దున ఎప్పుడో మార్కాపురంలో తిన్న ఇడ్లీలే. అన్నీ తుడిచి తిన్నాడు. చేతులు కడుక్కొని మంచం మీద కూర్చొని రిజిస్టరు తెరిచినాడు. పేజీలు రెండు తిప్పినాడు. మూడో పేజీ తిప్పకముందే తల గోడకు ఆనింది. రిజిస్టరు ఛాతీ మీదికి జారింది. గురక సన్నగా మొదలైంది.

"పదిహేను," అనింది శ్రీశైలమ్మ వేళ్లు మడిచి. దయామణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని లోపలికి పారిపోయింది.

అందరికన్నా ముందు లేచింది పద్మ. జుట్టు ఒక పక్కకు అణిగి, బుగ్గ మీద చాప గీతలతో అరుగు మీదికి నడిచొచ్చి, కొత్త మనిషిని చూసింది. దగ్గరకు పోయి ఆయన మీసం పట్టుకుంది. ప్రభాకరరావు కళ్లు తెరిచి, తానెక్కడున్నాడో తెలుసుకునేదానికి కాస్త సేపు పట్టింది. పద్మ ఏడవలేదు. ఆయన పక్కనున్న ఖాళీ పళ్లెం చూపించి, "బువ్వ," అనింది. ఉన్న సంగతి చెప్పిందో, ఇంకా కావాలనిందో ఎవరికీ తెలీలేదు. శ్రీశైలమ్మ ఇంత అన్నం తెచ్చి పళ్లెంలో వేస్తే కింద చతికిలబడి, ఎవరి సాయమూ లేకుండా, సగం నోట్లోకి సగం ఒళ్లోకి తినేసింది.

ఆయన అది మొత్తం చూసినాడు. తర్వాత పిల్లల్ని లెక్కబెట్టినాడు. రిజిస్టరులో పదముగ్గురు. ఎదురుగా పద్నాలుగు.

"ఈ పాప పేరు లేదే," అన్నాడు.

శ్రీశైలమ్మ ముందుకొచ్చింది. "రాసుకునేదానికి కాదులే సారూ ఆ పిల్ల. తినేదానికి, పండుకునేదానికే వస్తది. తల్లి మిరప చేన్లో ఉంది."

ప్రభాకరరావు కాసేపు కలం మూత తిప్పుతా ఉన్నాడు. పిల్లల పాటలు రెండు విన్నాడు. పోయేముందు విజిటర్ల పుస్తకంలో రాసిన మాటల్ని దయామణి ఆ సాయంత్రం శ్రీశైలమ్మకు నాలుగు సార్లు చదివి వినిపించింది. "పాటలు ఇంకా నేర్పవలెను. నిద్ర చాలా బాగున్నది. మూడేండ్ల లోపు పిల్లలకు విడిగా ఒక రిజిస్టరు పెట్టుకొనవచ్చును."

నెల తిరక్కముందే ఆ కొత్త రిజిస్టరు వచ్చింది. మొదటి పేరు పద్మది. ఆ పక్కనే శ్రీశైలమ్మ వేలిముద్ర.

తొలకరికి మంద నల్లమల నుంచి దిగింది. యల్లయ్య నాలుగు నెలల గడ్డంతో ఇంటికొస్తే పొయ్యి చల్లగా ఉంది, మనిషి లేదు. వాళ్లనూ వీళ్లనూ అడుగుతా బాలవాడికి వచ్చి, "ఏందే, ఇల్లు వదిలిపెట్టి..." అని నోరు తెరిచినాడో లేదో, లోపల నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఎప్పుడో లేచి కూర్చున్న ఒక చిన్న పిల్ల, ముగ్గురూ పెదాల మీద వేలు పెట్టి చూపించినారు. యల్లయ్య కర్ర గోడకానించి, అరుగు మీద చప్పుడు కాకుండా కూర్చున్నాడు. ఆ మాపున భార్యతో, "నన్నెప్పుడన్నా అంత అపురూపంగా పండబెట్టినావా?" అన్నాడు. ఆమె నవ్వింది.

దయామణికి రెండేళ్ల తర్వాత గిద్దలూరు బదిలీ అయింది. ఆమె పోయినాక ఇంకో టీచరమ్మ, తర్వాత ఇంకొకరు వచ్చినారు. శ్రీశైలమ్మ మాత్రం అక్కడే ఉంది. వచ్చిన ప్రతి టీచరమ్మ మొదటి వారం తన పట్టిక గోడకు తగిలించేది, రెండో నెలకు శ్రీశైలమ్మను అడిగేది.

కృష్ణవేణమ్మ రెండో బిడ్డను ఎనిమిదో నెలలోనే తెచ్చి ఒళ్లో పెట్టింది. మళ్లీ ఆడపిల్లే. శ్రీశైలమ్మ కొంగు బిగించి, కొర్రన్నం పళ్లెం ఎదురుగా పెట్టుకొని, పది రోజుల ఓపిక కూడగట్టుకొని కూర్చుంది. ఆ పిల్ల మొదటి ముద్దకే నోరు తెరిచింది. తినింది, తేన్చింది, ఉన్నచోటనే పక్కకు ఒరిగి నిద్రపోయింది.

శ్రీశైలమ్మ ఆ పిల్లను చాలాసేపు చూసింది.

"ఏణమ్మా," అనింది సాయంత్రం తల్లి వచ్చినప్పుడు, కాస్త చిన్నబోయి, "ఈ పిల్లకు నాతో ఏం పని లేదే."